తెర మార్చే ముందు సౌండ్లు దాచుకోండి

ఈమధ్య పాత సింథసైజర్లు పట్టుకొచ్చే కుర్రవాళ్ళందరిదీ ఒకటే మాట. "మాస్టారూ, దీనికి నీలం డిస్‌ప్లే వెయ్యాలి, తెల్లక్షరాలు రావాలి." అన్ని కీలూ పలుకుతున్నాయో లేదో అడగరు. లోపలి బ్యాటరీ ఎప్పుడు మార్చారో వాళ్ళకి తెలియదు. అందులో ఎవరి సౌండ్లు ఉన్నాయి, వాటిని ముందు ఎక్కడైనా భద్రం చెయ్యాలా అన్న ఆలోచనే రాదు. చీకట్లో ఫొటో తీస్తే తెర ధగధగలాడాలి, అదీ కావలసింది. మద్రాసులోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ కీబోర్డులు విప్పి బిగిస్తూ జుట్టు నెరిసినవాణ్ణి, ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెర మార్చడం తప్పని నేననను. మసకబారిన తెరని మార్చి తీరాలి. అసలు ఆ తెర అక్కడ ఎందుకు ఉందో తెలుసుకోకుండా చెయ్యి పెడుతున్నారు చూడండి, దానికే నా కోపం.

సింథసైజర్లు తెర లేకుండానే పుట్టాయి. 1970లో వచ్చిన మినీమూగ్‌కి తెర లేదు, మెమరీ కూడా లేదు. ఏ గుండీ ఎంత తిప్పితే ఏ నాదం పలికిందో వాయించేవాడే గుర్తుంచుకోవాలి. లేదంటే కాయితం మీద గుండీల బొమ్మలు వేసి, ఒక్కోదాని మీద ఒక గీత గీసి దాచుకోవాలి. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 నలభై సౌండ్లు తనలో దాచుకోగలిగితే సంగీతకారులు నోళ్ళు వెళ్ళబెట్టారు. దానికైనా ఎర్ర అంకెలే తప్ప అక్షరాలు లేవు. ఏ నంబర్లో ఏముందో మనిషే చెప్పాలి.

మా తరానికి తెర అంటే డీఎక్స్7 తెర. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్‌ఎం పద్ధతిని యమహా కంపెనీ తీసుకుని, ఏళ్ళ తరబడి సానబెట్టి, 1983లో ఆ వాయిద్యాన్ని బయటికి తెచ్చింది. నాదం పుట్టించే ఆపరేటర్లు ఆరు, వాటిని కలిపే పద్ధతులు 32, ఒకేసారి 16 స్వరాలు. ఒక్కో సౌండులో దిద్దుకోదగ్గ విలువలు నూట నలభైకి పైమాటే. ఇన్నింటినీ చూపించడానికి ఇచ్చిన తెర ఎంతనుకున్నారు? వరుసకి 16 అక్షరాలు, రెండంటే రెండు వరుసలు. వెనక వెలుగు లేదు. పక్కన సౌండు నంబరు చూపించే ఎర్ర అంకెలు రెండు. ఆపరేటర్ల అమరిక తెర మీద కనిపించదు. అందుకని ఆ 32 బొమ్మలనూ వాయిద్యం మూత మీదే అచ్చేశారు. మూడో ఆపరేటర్ స్థాయి 82 అని తెర చెబుతుంది. నాలుగోది ఎంతో తెలియాలంటే మూడోదాన్ని వదిలి అక్కడికి వెళ్ళాలి. మార్చడానికి ఉన్నది ఒక్కటే స్లైడరు.

ఇప్పటివాళ్ళు దీన్ని లోపం అంటారు. మేం ఆ రెండు వరుసల మీదే పని నేర్చాం. ఒక మాడ్యులేటర్‌ని, అంటే ఇంకో ఆపరేటర్‌ని కదిలించే ఆపరేటర్‌ని, కొన్ని మెట్లు పెంచితే నాదంలో లోహపు గరుకు వస్తుందనీ, ఇంకా పైకి పోతే శ్రుతి తెలియనంత రొద అవుతుందనీ చెవికి అలవాటైపోయేది. మంచి ప్రోగ్రామర్ తెర వంక చూసేది తానెక్కడున్నాడో తెలుసుకోవడానికే, మిగతా పనంతా చెవిది. అంత కష్టపడి తయారుచేసిన సౌండుకి పేరు పెట్టాలంటే ఇచ్చిన చోటు పది అక్షరాలు. ఇంగ్లిషు లిపిలో నాదస్వరం అని పూర్తిగా రాస్తే సరిగ్గా పది అక్షరాలు పడుతుంది. ఆ పేరు ఆ తెర మీద చూసినప్పుడల్లా మాకు కలిగే సంతోషం వేరు. జపాన్ వాళ్ళు ఎలక్ట్రిక్ పియానో, బ్రాస్, గంటలు నింపి పంపిన యంత్రంలో మన నాదస్వరానికి మనవాళ్ళే చోటు సంపాదించారు.

ఆ తెర విలువ రికార్డింగ్ హాల్లో కూర్చుంటే తెలిసేది. రీరికార్డింగ్‌లో, అంటే సినిమాకి నేపథ్య సంగీతం కూర్చేటప్పుడు, ఎదురుగా తెర మీద సినిమా రీలు నడుస్తూ ఉంటుంది. హాల్లో దీపాలు తగ్గించేస్తారు. నొటేషన్ స్టాండ్ల మీద చిన్న లైట్లు మాత్రం ఉంటాయి. వయొలిన్ల వాళ్ళు ఒక వరుస, తాళవాద్యాలు విడిగా, కీబోర్డులు ఓ మూల. హీరోయిన్ తలుపు దగ్గరికి నడిచేంతవరకు స్ట్రింగ్స్ సౌండు పట్టాలి, తలుపు తెరవగానే గంటలు పలకాలి, మధ్యలో ఉన్న వ్యవధి ఒకటి రెండు బార్లు. అంతలో సౌండు మార్చాలి. నంబరు తప్పు పడిందా, కండక్టర్ చెయ్యి ఎత్తుతాడు, ఆర్కెస్ట్రా మొత్తం మళ్ళీ మొదటికి. అప్పట్లో అందరూ కలిసి ఒకేసారి వాయించి రికార్డు చేసేవాళ్ళు కదా, ఇప్పటిలాగా ఒక్కడి తప్పు ఒక్కడు దిద్దుకుని పోవడానికి వీల్లేదు. అందుకని ప్లేయర్లు నొటేషన్ కాయితం మీద ఆ బార్ పక్కనే ఎర్ర పెన్సిల్‌తో సౌండు నంబరు రాసుకునేవారు. స్టాండు లైటు కాస్త తెర మీదికి వంచుకునేవారు. ఆ కాలపు ఎల్‌సీడీ ఏ వైపునుంచి చూస్తే ఆ వైపునుంచి కనిపించే రకం కాదు. నిలబడితే కనిపించేది కూర్చుంటే మాయమైపోయేది. దానికి తగ్గట్టు కీబోర్డు వెనక భాగం ఎత్తు పెట్టుకునేవారు కొందరు. చీకట్లో, ఒక్క చూపులో, తప్పు లేకుండా చదవగలగడం. తెర ఉన్నది ఆ పనికి. వాయించేవాడి కళ్ళ కోసం పెట్టిన తెర అది.

ఆ వాయిద్యం మా చేతికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. అమెరికాలో డీఎక్స్7 ధర 1,995 డాలర్లు. డాలరు పది రూపాయల చిల్లర ఉన్న రోజులు. అంటే ఇరవై వేలు, ఆ పైన కస్టమ్స్ సుంకం. ఇరవై వేలంటే అప్పుడు మద్రాసు శివార్లలో స్థలం గురించి మాట్లాడుకునే డబ్బు. సింగపూర్ వెళ్ళొచ్చేవాళ్ళని బతిమాలుకుని తెప్పించుకునేవారు. కొన్ని జపాన్ లోపల అమ్మే రకం, 100 వోల్టులకి తయారైనవి. మన 230 వోల్టుల ప్లగ్గులో తిన్నగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకని దానికో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, వాయిద్యంతో పాటు దాన్నీ మోసుకుంటూ స్టూడియోలకి తిరిగేవారు. సరస్వతీ పూజ నాడు కీబోర్డుకి బొట్టు పెట్టని ప్లేయర్ నాకు తెలిసి లేడు. అప్పు చేసి కొన్న ఆ యంత్రమే ఇంట్లో పొయ్యి వెలిగించేది. దాన్ని విప్పమని నాకు ఇచ్చేటప్పుడు పక్కనే కూర్చుని చూసేవారు, స్క్రూలు లెక్కపెట్టేవారు. ఇప్పుడు? కొరియర్లో పడేసి, అయిపోయాక ఫొటో పెట్టమంటున్నారు.

1987లో రోలండ్ డీ-50, 1988లో కోర్గ్ ఎం1 వచ్చాక తెర పెద్దదయింది. వరుసకి 40 అక్షరాలు, రెండు వరుసలు, వెనక వెలుగు. ఎం1 అయితే ఒక్క పెట్టెలో పియానో, ఆర్గన్, డ్రమ్స్, ఎఫెక్టులు, ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ అన్నీ పెట్టుకుని వచ్చింది. దానిలోని నాదాలన్నీ కలిపి 4 మెగాబైట్ల నమూనాలు. ఈనాటి ఫోనులో ఒక ఫొటో అంత. అయినా ఆ పెట్టె దేశదేశాల సినిమా పాటల పోకడనే మార్చేసింది. మద్రాసులో కీబోర్డు ప్రోగ్రామర్ అనే పనికి గౌరవం పెరిగింది కూడా ఆ రోజుల్లోనే. సంగీత దర్శకులు రాజ్-కోటి గార్ల దగ్గర దిలీప్ అనే యువకుడు కీబోర్డులు వాయించేవారు. 1992లో 'రోజా'తో ఆయనే ఏ.ఆర్. రెహమాన్‌గా లోకానికి తెలిశారు. ఆయన స్థాయికి వెళ్ళినవారు ఒక్కరే కావచ్చు. ఆయన పక్కన, వెనక, అలాంటి తెరల ముందు కూర్చుని రాత్రిళ్ళు తెల్లవార్లూ సౌండ్లు చెక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళ పేర్లు ఏ టైటిల్సులోనూ పడలేదు.

ఎం1 లాంటి వాటిలో తెర వెనక ఉండేది ఈఎల్ వెలుగు. కాయితం మందాన ఒక రేకు, అందులో భాస్వర పదార్థం పొర. దానికి వంద వోల్టుల ప్రాంతంలో, సెకనుకి కొన్ని వందల సార్లు దిశ మారే కరెంటు ఇస్తే రేకు మొత్తం సమానంగా వెలుగుతుంది. లోపలి అయిదు వోల్టులనుంచి అంత వోల్టేజి పుట్టించడానికి చిన్న ఇన్వర్టర్ ఒకటి ఉంటుంది. దగ్గర చెవి పెడితే సన్నగా ఈల వినిపిస్తుంది. ఆకుపచ్చ కలిసిన నీలం వెలుగు, కంటికి చల్లగా ఉండేది, చీకట్లో పక్కవాడి ముఖం మీద పడేది కాదు. దాని ఆయుష్షు మాత్రం తక్కువ. కొన్ని వేల గంటలు వెలిగాక ఆ భాస్వర పొర సత్తువ సగానికి పడిపోతుంది, ఆ తర్వాత ఇంకా తగ్గుతూనే ఉంటుంది. ఎవరు తయారుచేసినా ఆ పదార్థం గుణమే అది, కంపెనీని తిట్టి లాభం లేదు. రోజుకి రెండు కాల్షీట్లు చేసే ప్లేయర్ దగ్గర ఆ గంటలు త్వరగా ఖర్చయిపోయేవి. ఆపకుండా వాడే స్టూడియోల్లో ఇంకా త్వరగా.

అది పోతే మాకు దిక్కు ఉండేది కాదు. ఈఎల్ రేకు విడిగా అమ్మే కొట్టు లేదు. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో రేడియో, టీవీ సామాన్లు ఎన్ని దొరికినా ఇది దొరకదు. కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెలలు, వచ్చినా విడి రేకు ఇవ్వరు, డిస్‌ప్లే మొత్తం కొనుక్కోమంటారు. అందుకని మళ్ళీ పాత పద్ధతే. స్టాండు లైటు వంచుకోవడం, వెనకున్న కాంట్రాస్ట్ గుండీ తిప్పుకోవడం, నంబర్లు కంఠతా పట్టడం. తెర పూర్తిగా ఆరిపోయిన ఎం1 మీద ఒక ప్లేయర్ గారు ఏళ్ళ తరబడి రికార్డింగులు చేశారు. ఏ పేజీలో ఎన్నో బొత్తం నొక్కితే ఏమవుతుందో ఆయన వేళ్ళకి తెలుసు. తెర బాగుచేసి ఇచ్చిన రోజున కూడా ఆయన దాన్ని చూస్తూ వాయించలేదు.

ఇప్పుడు కాలం బాగుంది, ఆ మాట ఒప్పుకోకపోతే అన్యాయం. కొలత చెబితే ఈఎల్ రేకు కత్తిరించి పంపేవాళ్ళున్నారు. ఎల్‌ఈడీ వెలుగుతో కొత్త డిస్‌ప్లే మాడ్యూళ్ళు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో చిన్నసైజువి చేతికే దొరుకుతాయి, పెద్దవి తెప్పించుకోవచ్చు. ఇంత సులువు కావడానికి కారణం హిటాచీ వాళ్ళ చిప్పు ఒకటి, హెచ్‌డీ44780. అక్షరాల తెరలు తయారుచేసే వాళ్ళలో చాలామంది ఆ చిప్పు పద్ధతినే పట్టుకున్నారు. లిఫ్టుల్లో, తూకం యంత్రాల్లో, ఫ్యాక్టరీ మీటర్లలో, సింథసైజర్లలో అదే భాష. అందుకే నలభై ఏళ్ళనాటి వాయిద్యానికి నిన్న తయారైన తెర అతుకుతుంది. ఆ చిప్పులో జపనీస్ కటకానా అక్షరాలు కూడా దాచిపెట్టి ఉంటాయి. రిబ్బన్ కేబుల్లో ఒక తీగ వదులైతే ఇంగ్లిషు అక్షరాలకి బదులు ఆ గుర్తులు కనిపిస్తాయి. తెర పాడైందని అప్పటికప్పుడు పారేస్తున్నారు ఈ కాలం వాళ్ళు. మేమైతే ముందు తీగ చూసేవాళ్ళం. ఒక్క టంకం చుక్కతో ఎన్ని తెరలు బతికాయో!

సులువు అయ్యేసరికి ఓపిక పోయింది. కాళ్ళు ఎన్నని లెక్కపెట్టి, పద్నాలుగూ పద్నాలుగూ సరిపోయాయని అతికించేస్తున్నారు. కొన్ని మాడ్యూళ్ళలో మొదటి రెండు కాళ్ళు, అంటే నేల, అయిదు వోల్టులు, అటూ ఇటూ మారి ఉంటాయి. చూసుకోకుండా పెడితే కొత్త తెర కాలుతుంది. వెలుగుకి ఇచ్చే పదిహేను, పదహారు కాళ్ళదీ అదే కథ. కొన్ని పాత తెరలకి కాంట్రాస్ట్ కోసం సున్నాకి దిగువ వోల్టేజి ఇచ్చేవారు. కొత్త తెరకి అది పనికిరాదు, దాని మార్గం వేరుగా చెయ్యాలి. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే క్షణంలో తెలిసే విషయాలివి. మీటర్ సంచిలోనే ఉంటుంది, బయటికి తియ్యరు.

కరెంటు సంగతి ఇంకా ఘోరం. డీఎక్స్7 అసలు తెర తాగే కరెంటు అతి స్వల్పం, వెనక వెలుగే లేదు కదా. దాని స్థానంలో పాత అర్రే రకం ఎల్‌ఈడీ వెలుగున్న తెర పెడితే అది ఒక్కటే వంద మిల్లీయాంపులు దాటిపోతుంది. ఏనాటి రెగ్యులేటర్ అది! దాని పక్కన ఎండిపోతున్న కెపాసిటర్లు. బండికి కొత్త హెడ్‌లైటు వేసి టైర్లు చూడని డ్రైవరులాగా, సప్లై బోర్డు వంక చూడకుండా తెర మీద పడతారు. వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగించే సర్క్యూటు పెట్టేవాళ్ళు కొందరు. ఆ టకటక నేల తీగ పట్టుకుని ఆడియోలోకి దూరి, వాయించకపోయినా సన్నటి రొద వినిపిస్తూ ఉంటుంది. సంగీతం కోసం పుట్టిన యంత్రంలో అందం కోసం రొద పెట్టడమా? ఒక రెసిస్టర్ చాలు, రూపాయి వస్తువు. కాస్త ఎక్కువ విలువది వేస్తే వెలుగు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, రొద ఉండదు.

ఓఎల్‌ఈడీ మోజు ఒకటి కొత్తగా వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది, ఏ వైపునుంచైనా కనిపిస్తుంది, నిజమే. దానిలోని చిప్పు హిటాచీ భాష మాట్లాడుతుంది కానీ మొదలుపెట్టే తీరులో తేడా ఉంది. పాత వాయిద్యం తన పద్ధతిలో పలకరిస్తే కొన్నిసార్లు అందుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ ఒకేలా లేవదు. పైగా ఒకే అక్షరాలు ఒకే చోట గంటల తరబడి వెలిగితే ఆ చోటు వెలుగు తగ్గిపోయి మరకలాగా మిగిలిపోతుంది. సింథసైజర్ తెర మీద మొదటి వరుస గంటల తరబడి మారదు. ఇంకా మనసు కష్టపెట్టేది, కొత్త మాడ్యూల్ పట్టలేదని లోపలి ప్లాస్టిక్ స్తంభాలు కోసెయ్యడం. వాయిద్యం ఒంటి మీది భాగం అది. దాన్ని కోశాక రేపు ఎవరైనా అసలు తెర తిరిగి పెడదామన్నా ఆధారం ఉండదు. పాత తెరనైనా దాచి ఇస్తారా అంటే, అదీ చెత్తబుట్టలోకే.

ఇవన్నీ సామాన్ల నష్టాలు. సౌండ్లు పోతే తెచ్చుకునే చోటు లేదు, నా గోడు అసలు దాని గురించి.

డీఎక్స్7లో, డీ-50లో, ఎం1లో సౌండ్లు నిలబడేది ఒక నాణెం బ్యాటరీ మీద. కరెంటు తీసేసినా లోపలి మెమరీని అది బతికిస్తుంది. డీఎక్స్7లో ఆ బ్యాటరీని బోర్డుకి టంకం వేసి బిగించారు. దాని ప్రాణం ఏ క్షణాన పోతుందో తెలియని పాత వాయిద్యాన్ని విప్పి, బోర్డు కదిలించి, తెర మార్చి, చివర్లో అన్నీ సరిగ్గా ఉన్నాయా అని ఫ్యాక్టరీ సౌండ్లు ఎక్కించి చూసుకుంటారు. అంతే, పాతవి చెరిగిపోతాయి. ఒక దుకాణంనుంచి అలా తిరిగొచ్చిన వాయిద్యాన్ని నేను ఆన్ చేసి చూశాను. వడపళని వైపు ఇళ్ళల్లో రాత్రిళ్ళు కూర్చుని ఒక పెద్దాయన తయారుచేసిన సౌండ్లు ఉండాల్సిన చోట పుట్టినప్పటి సౌండ్లు వరుసగా కనిపించాయి. తంబురా ఉండేది అందులో. వీణ మీటు, ఆ తర్వాత వచ్చే గమకానికి వీలుగా పిచ్ వీల్ ఎంత వంగాలో కూడా ఆయన కొలిచి పెట్టుకున్నారు. ఆయన లేరు. ఆయన సౌండ్లు పాటల్లో కలిసిపోయి వినిపిస్తాయి, విడిగా మళ్ళీ ఎవరూ వాయించలేరు. తెర మాత్రం దివ్యంగా వెలుగుతోంది. తెచ్చినబ్బాయి, "ఎలా ఉంది మాస్టారూ డిస్‌ప్లే?" అని సంబరంగా అడిగాడు. వాడికి కోపంగా జవాబు చెప్పలేకపోయాను, ఏం పోయిందో వాడికి తెలియదు. తెలియజెప్పనివాళ్ళ మీదే నా కోపం.

దాచడం ఎంతసేపు పని అనుకుంటున్నారు? డీఎక్స్7లోని 32 సౌండ్లూ కలిపి వాయిద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే మిడీ తీగ మీద బయటికి వచ్చేది 4,104 బైట్లు. ఒక చిన్న ఉత్తరమంత. ముందు మెషీన్‌లో సిస్టమ్ సమాచారం బయటికి పంపవచ్చన్న అనుమతి పెట్టాలి, తర్వాత పంపమనాలి, అవతల కంప్యూటర్ అందుకుంటుంది. రెండు మూడు సెకన్ల వ్యవహారం. మా రోజుల్లో ఆ పని చెయ్యడానికి కంప్యూటర్ ఉన్నవాడు వీధికొకడు కూడా లేడు. మెమరీ కార్ట్రిడ్జి కొనుక్కోవాలి, అది లేనివాడు విలువలన్నీ నోటు పుస్తకంలో చేత్తో రాసుకునేవాడు, ఒక్కో సౌండుకి ఒక్కో పేజీ. ఇప్పుడు ప్రతి కుర్రాడి చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. డెక్స్‌డ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ 4,104 బైట్లనే నేరుగా తెరిచి కంప్యూటర్లో పలికిస్తుంది. ఆరు ఆపరేటర్ల విలువలన్నీ ఒకేసారి కళ్ళముందు పరుస్తుంది, మేం కలలో కూడా చూడనంత పెద్ద తెర మీద. ఇంత సౌకర్యం ఉంచుకుని ఒక పెద్దమనిషి జీవితకాలపు పనిని తుడిచేస్తే ఏమనాలి?

అందుకని నా దగ్గర పద్ధతి ఒకటే. వాయిద్యం వచ్చింది అంటే మూత విప్పకముందే సౌండ్లు బయటికి తీస్తాను. ఏ నంబర్లో ఏ పేరుందో కాయితం మీద రాస్తాను, ఓనరు చేత చదివిస్తాను. "ఇది మా నాన్న పెట్టిన పేరండీ" అన్నవాళ్ళున్నారు, అప్పటిదాకా వాళ్ళు ఆ పేరే చూడలేదు. తర్వాత బ్యాటరీ మార్చి, ఈసారి టంకం కాకుండా హోల్డర్ పెడతాను, రేపు ఇంకొకరు సులువుగా మార్చుకోవాలి. ఆ తర్వాత సప్లై కొలిచి, వాచిన, ఎండిన కెపాసిటర్లు తీసేస్తాను. తెర వంతు చివర్లో. ఈఎల్ ఉన్నదానికి ఈఎల్ రేకే దొరికితే అదే వేస్తాను. దొరక్కపోతే లేత ఆకుపచ్చ మీద నల్లక్షరాల ఎల్‌ఈడీ తెర వేసి, పాత ఇన్వర్టర్‌ని తీగలు విప్పి వేరు చేస్తాను. నీలం మీద తెల్లక్షరాలు వెయ్యను. వెనక వెలుగు ఆగితే ఆ రకం తెర మీద ఒక్క అక్షరం కనిపించదు. లేత రంగు మీద నల్లక్షరాలైతే వెలుగు పోయినా కిటికీ దగ్గర పెట్టుకుని చదువుకోవచ్చు. ఎం1లో తెర కింద బొత్తాల వరుస ఉంది, తెర మీది మాటకి సరిగ్గా కింద దాని బొత్తం ఉండాలి. అక్షరాల వెడల్పులో తేడా ఉన్న తెర వేస్తే చివరికొచ్చేసరికి మాట ఒక చోట, బొత్తం ఒక చోట. అది కొలిచాకే కొంటాను. తీసిన పాత తెరని కాయితంలో చుట్టి, ఏ రోజు తీశానో రాసి, ఓనరు చేతిలో పెడతాను.

ఇదంతా చాదస్తమని నా వెనక అనుకునేవాళ్ళున్నారని తెలుసు. ఈ వాయిద్యాలు ఇంకా పనిలో ఉన్నాయి నాయనా! సినిమా స్టూడియోలు వదిలేసినవి కోస్తా జిల్లాల చర్చిల్లో ఆదివారం ఆదివారం మోగుతున్నాయి. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో డీజిల్ జనరేటర్ కరెంటు మీద వాయిస్తున్నారు. అక్కడ పందిట్లో సగం వెలుతురు, సగం చీకటి. పాటకీ పాటకీ మధ్య సౌండు మార్చుకోవాలి. నలభై ఏళ్ళ కిందట మద్రాసు హాల్లో ఉన్న అవసరమే ఇవాళ ఆ పందిట్లోనూ ఉంది. ఆ ప్లేయర్‌కి కళ్ళు మిరుమిట్లు గొలిపే తెర దేనికి? ఒక్క చూపులో అంకె తెలిస్తే చాలు.

ఇంకో సంగతి, ఇది పాత ప్లేయర్ల ఇళ్ళవాళ్ళకి. ఎం1, డీ-50 కాలంలో సౌండ్లు రామ్ కార్డుల్లో దాచుకునేవారు. ఏటీఎం కార్డు కంటే కొంచెం మందం, ఒక అంచున నాణెం బ్యాటరీ. మద్రాసు సాలిగ్రామంలో, కోడంబాకంలో, ఇక్కడ హైదరాబాదు కృష్ణానగర్‌లో పెట్టెల అడుగున, బీరువాల్లో అవి ఇంకా ఉన్నాయి. మెమరీ నిలబడేది ఆ చిన్న బ్యాటరీ మీదే, అది అయిపోతే కార్డు ఖాళీ. బ్యాటరీ బయట పెట్టి మార్చకండి, అప్పుడూ ఖాళీ అయిపోతుంది. కార్డుని వాయిద్యంలో పెట్టి, వాయిద్యం ఆన్‌లో ఉండగా మార్చాలి. వాయిద్యం అమ్మేసి ఉంటే కార్డు నా దగ్గరికి తీసుకురండి. వాయిద్యాలు నా దగ్గరున్నాయి, చదివి కంప్యూటర్‌లో పెట్టిస్తాను. దీనికి డబ్బు తీసుకోను. పాత సామాన్లవాడికి మాత్రం వెయ్యకండి.